దిబ్బకు పేరు పెట్టిందెవరు?
బ్రిటన్ మూర్ భూముల్లోని ప్రాచీన సమాధులు, జానపద స్థలనామాలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు
– బ్రిటన్‌లోని ఎత్తైన బీడు నేలల మీద ప్రాచీన సమాధి దిబ్బలు ఎందుకు ఎక్కువగా మిగిలాయో వివరించగలుగుతారు;
– ఆ దిబ్బలకు ఉన్న జానపద నామాలను చారిత్రక ఆధారంగా ఎంతవరకు వాడుకోవచ్చో నిర్ణయించగలుగుతారు;
– ఇదే పద్ధతిని మీ ప్రాంతంలోని 'రాకాసి గుళ్ళ'కు అన్వయించగలుగుతారు.

విషయ పరిచయం

1882లో బ్రిటిష్ పార్లమెంటు ప్రాచీన కట్టడాల రక్షణకు తన తొలి చట్టాన్ని చేసింది. ఆ చట్టానికి జతచేసిన పట్టికలో 68 స్థలాల పేర్లు ఉన్నాయి. వాటిలో ఒకటి డార్బీషైర్‌లోని 'హాబ్ హర్‌స్ట్ ఇల్లు'. ఈ హాబ్ హర్‌స్ట్ రాజూ కాదు, ప్రభువూ కాదు. పల్లె ప్రజలు నమ్మిన ఒక భూతం. ఆ 'ఇల్లు' నిజానికి కాంస్య యుగానికి చెందిన ఒక సమాధి. అంటే, ఒక భూతం చిరునామా పార్లమెంటు చట్టంలోకి ఎక్కిందన్నమాట.

చరిత్ర విద్యార్థిగా మీకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. సమాధిలో ఉన్నది మనిషి. పేరులో ఉన్నది భూతం. పేరు అబద్ధమని తేలిపోయింది కదా, ఇక దాన్ని పక్కన పెట్టవచ్చా? నేను ఈ పాఠం చెప్పిన రోజుల్లో విద్యార్థులు తరచుగా అడిగిన ప్రశ్న ఇదే. దీనికి సమాధానం వెతకడమే ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

మూర్ భూములు, సమాధి దిబ్బలు

'మూర్' అంటే పెద్ద చెట్లు అంతగా లేని, ఎత్తైన, గాలి, వాన ఎక్కువగా ఉండే బీడు నేల. దాని మీద హెదర్ అనే పొట్టి పొద, గడ్డి, పల్లపు చోట్ల బురద కనిపిస్తాయి. చాలా చోట్ల 'పీట్' అనే నల్లని తడి పొర పేరుకుని ఉంటుంది. చచ్చిన మొక్కలు నీటిలో పూర్తిగా కుళ్ళకుండా వేల సంవత్సరాలు పేరుకుంటే ఏర్పడే పొర ఇది. ఇంగ్లండ్‌లో ఉత్తర యార్క్‌షైర్, డార్బీషైర్, డెవన్‌లోని డార్ట్‌మూర్, కార్న్‌వాల్‌లోని బాడ్మిన్ మూర్ ఇలాంటి ప్రాంతాలు.

ఈ నేలలు మొదటి నుంచీ ఇలా లేవు. ఒకప్పుడు ఇక్కడ అడవి ఉండేది. మనుషులు చెట్లు కొట్టారు, పశువులు మేపారు, పొలాలు చేశారు. డార్ట్‌మూర్ మీద సుమారు క్రీ.పూ. 1500 నాటి రాతి గట్లు కిలోమీటర్ల పొడవున నేటికీ కనిపిస్తాయి. అవి ఆనాటి పొలాల హద్దులు. తరువాత నేల సారం తగ్గింది. వాతావరణం చల్లబడి, వానలు పెరిగాయి. రైతులు కిందికి దిగారు. పైన బీడు మిగిలింది.

ఆ రైతులు, కాపరులు తమ వారిలో కొందరి కోసం కట్టిన సమాధులే మనం చెప్పుకునే దిబ్బలు. ఎక్కువ భాగం క్రీ.పూ. 2200–1500 మధ్యవి. మృతదేహాన్ని లేదా కాల్చిన ఎముకలను నాలుగు పలకరాళ్ళ పెట్టెలోనో, గోతిలోనో ఉంచి, పైన మట్టితో గానీ రాళ్ళతో గానీ గుండ్రంగా కుప్ప పోసేవారు. దూరం నుంచి ఆకాశపు అంచున కనబడేలా చాలావాటిని కొండ నెత్తి మీద కట్టారు.

పల్లపు ప్రాంతాల్లో ఇలాంటి దిబ్బలను నాగలి వందల ఏళ్ళపాటు చదును చేసింది. మూర్ మీద దున్నకం తక్కువ కాబట్టి అక్కడ దిబ్బలు మిగిలాయి. దిబ్బలతోపాటు వాటి పేర్లు కూడా మిగిలాయి.

పేర్లు ఎలా నిలిచాయి?

దిబ్బ కట్టినవారు దాన్ని ఏమని పిలిచారో తెలుసుకునే దారి మనకు లేదు. వారికి లిపి లేదు. వారి భాష ఏదో కూడా నిలవలేదు. ఇవాళ మనకు వినిపించే పేర్లన్నీ రెండు వేల ఏళ్ళో, అంతకంటే ఎక్కువో గడిచాక వచ్చినవారు పెట్టినవి.

పేరు చివరి పదాన్ని గమనించండి. ఉత్తర యార్క్‌షైర్‌లో దిబ్బల పేర్లు ఎక్కువగా 'హౌ' అని ముగుస్తాయి. ఇది స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి 'హౌగ్ర్' అనే మాట. అర్థం దిబ్బ, గుట్ట. డార్బీషైర్‌లో 'లో' అని ముగుస్తాయి. ఇది పాత ఇంగ్లిష్‌లో దిబ్బకు వాడిన 'హ్లావ్' అనే మాట నుంచి వచ్చింది. నేటి ఇంగ్లిష్‌లో 'లో' అంటే పల్లం. అందుకే కొండ నెత్తి మీదున్న చోటుకు 'లో' అనే పేరు కొత్తవారిని తికమక పెడుతుంది. అంటే ఒక్క పదాంతాన్ని బట్టి ఆ నేల మీద ఏ భాష మాట్లాడేవారు స్థిరపడ్డారో చెప్పవచ్చు. పేరు మనకిచ్చే మొదటి సాక్ష్యం ఇది.

ఈ పేర్లు మాసిపోకపోవడానికి పెద్ద కారణం ఊరి సరిహద్దులు. గుర్తు పట్టడానికి మరేమీ లేని బీడులో ఆకాశపు అంచున కనిపించే దిబ్బే హద్దురాయిగా పనికివచ్చింది. హద్దు గురించి తగాదా వచ్చినప్పుడల్లా ఆ పేరు పలకవలసి వచ్చింది, రాయవలసి వచ్చింది. యార్క్‌షైర్‌లో 'కొండ మీది హాబ్' అనే దిబ్బ పైన ఇప్పటికీ ఒక సరిహద్దు రాయి నిలిచి ఉంది.

లిల్లా దిబ్బ: పేరులో ఒక విశ్వాసపాత్రుడు

యార్క్‌షైర్‌లోని ఫైలింగ్‌డేల్స్ మూర్ మీద 'లిల్లా హౌ' అనే దిబ్బ ఉంది. దాని నెత్తిన ఒక పాత రాతి శిలువ ఉంది. లిల్లా అనే వ్యక్తి గురించి మనకు చెప్పినవాడు బీడ్ అనే క్రైస్తవ సన్యాసి. ఆయన తన చరిత్ర గ్రంథాన్ని క్రీ.శ. 731లో ముగించాడు. క్రీ.శ. 626లో నార్తంబ్రియా రాజు ఎడ్విన్‌ను చంపడానికి వెసెక్స్ రాజు ఒక హంతకుణ్ణి పంపాడని, విషం పూసిన బాకుతో అతడు మీద పడినప్పుడు చేతిలో డాలు లేని లిల్లా తన దేహాన్నే అడ్డుపెట్టి ప్రాణం విడిచాడని బీడ్ రాశాడు. లిల్లాను ఎక్కడ పూడ్చారో మాత్రం రాయలేదు.

దిబ్బ కాంస్య యుగానిది. లిల్లా పుట్టేనాటికే దాని వయసు రెండు వేల ఏళ్ళు దాటింది. కాబట్టి అది లిల్లా కోసం కట్టింది కాదని నిస్సందేహంగా చెప్పవచ్చు. అయినా ఈ పేరు వ్యర్థం కాదు. రాజు కోసం ప్రాణమిచ్చిన సేవకుడి కథను ఆ ప్రాంతం వారు పోగొట్టుకోలేదని, ఆ కథకు ఒక చోటు కావాలని అనుకున్నారని ఇది చెబుతోంది. పాత దిబ్బ మీద శిలువ నాటడం కూడా గమనించదగిన విషయమే. క్రైస్తవ సమాజం ఆ దిబ్బను కూలదోయలేదు. తన గుర్తు పెట్టి తనదిగా చేసుకుంది.

హాబ్ ఇల్లు: పేరులో ఒక భూతం

ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతపు కథల్లో హాబ్ ఒక చిన్న భూతం. ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. మంచిగా ఉంటే రాత్రికి రాత్రి ధాన్యం నూర్చి పెడుతుంది. కోపం వస్తే కుండలు బద్దలు కొడుతుంది. ఫార్న్‌డేల్ లోయలో ఒక రైతు హాబ్ పోరు పడలేక సామాను బండికెక్కించుకుని ఊరు వదిలి పోతుంటే, దారిలో ఎవరో పలకరించారట. వెన్న చిలికే పీపాలోంచి హాబ్ తల బయట పెట్టి 'అవును, మేము ఇల్లు మారుతున్నాం' అందట. రైతు బండి వెనక్కి తిప్పాడట. ఆ లోయ పైన హాబ్ నివాసమని చెప్పే రాతికుప్ప ఒకటి ఉంది. అది కూడా ప్రాచీన సమాధే.

డార్బీషైర్ 'హాబ్ హర్‌స్ట్ ఇల్లు'ను 1853లో థామస్ బేట్‌మన్ తవ్వించాడు. రాళ్ళు పేర్చిన గోతిలో మంటకు కమిలిన మనిషి ఎముకలు, రెండు సీసపు ఖనిజం ముక్కలు దొరికాయి. ఆ జిల్లా తరువాతి కాలంలో సీసపు గనులకు ప్రసిద్ధి. ఆ ముక్కలను ఎవరు, ఎందుకు పెట్టారో 'హాబ్' అనే పేరు చెప్పలేదు. అది తవ్వకం మాత్రమే బయటపెట్టగల సంగతి.

మరి పేరు ఏం చెప్పింది? కట్టినవారెవరో పూర్తిగా మరచిపోయిన తరువాత కూడా ఇది మామూలు మట్టిగుట్ట కాదని, ఎవరో ఉండే చోటని ప్రజలు గుర్తించారు. మనుషులు కట్టారని తెలియనప్పుడు భూతాలకో, రాక్షసులకో, రాబిన్ హుడ్ వంటి వీరులకో ఆ పని అంటగట్టారు. యార్క్‌షైర్ మూర్‌ల మీదే కాక ష్రాప్‌షైర్, సోమర్సెట్ ఎత్తుల మీద కూడా 'రాబిన్ హుడ్ బాణాల గురిదిబ్బలు' ఉన్నాయి. ఒకే మనిషి ఇన్ని చోట్ల గురి చూసి ఉండడు. ప్రసిద్ధమైన కథ కొత్త చోటు దొరికినప్పుడల్లా దానికి అతుక్కుంటుందని ఈ పేర్ల వల్ల తెలుస్తుంది.

డాన్బీ అనే మూర్ గ్రామంలో 1847 నుంచి 1900 వరకు మతాధికారిగా ఉన్న జె.సి. ఆట్కిన్సన్ పదులకొద్దీ దిబ్బలను తవ్వించాడు. అదే మనిషి ఊరివారి మాటలను, హాబ్ కథలను కూడా సేకరించి 1891లో పుస్తకంగా ప్రచురించాడు. తవ్వకాన్ని, జనం మాటను రెండు వేర్వేరు ఆధారాలుగా భద్రపరచడం వల్లనే ఇవాళ మనం రెంటినీ పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం.

బంగారు గిన్నె: కథ ముందా, తవ్వకం ముందా?

ఇప్పుడు కొంచెం కష్టమైన ఉదాహరణ చూద్దాం. కార్న్‌వాల్‌లోని బాడ్మిన్ మూర్ మీద రిల్లాటన్ దిబ్బ ఉంది. 1837లో రాళ్ళ కోసం వచ్చిన కూలీలకు అందులో రాతిపెట్టె సమాధి, అస్థిపంజరం, కంచు బాకు, సుమారు 9 సెంటీమీటర్ల ఎత్తున్న బంగారు గిన్నె దొరికాయి. ఆ గిన్నె రాజకుటుంబానికి చేరింది. రాజు అయిదవ జార్జి దాన్ని కాలరు గుండీలు వేసుకోవడానికి వాడాడని చెబుతారు. 1936లో ఆయన చనిపోయిన తరువాత అది బ్రిటిష్ మ్యూజియానికి వచ్చింది.

ఆ దిబ్బ గురించి ఒక కథ ఉంది. దగ్గరి బండల వద్ద ఒక పురాతన పూజారి ఉండేవాడు. దారిన పోయేవారికి బంగారు గిన్నెతో పానీయం ఇచ్చేవాడు. ఎంత తాగినా అది తరిగేది కాదు. ఒక వేటగాడు దాన్ని ఖాళీ చేయలేక కోపంతో పానీయాన్ని పూజారి ముఖాన కొట్టి, గిన్నెతో గుర్రం మీద పారిపోయాడు. గుర్రం బండల మీంచి పడి అతడు చనిపోయాడు. గిన్నెతోనే అతణ్ణి పూడ్చారు.

ఈ కథ చదవగానే 'మూడున్నర వేల ఏళ్ళ నాటి గిన్నెను ప్రజలు మరచిపోలేదు' అనాలనిపిస్తుంది. తొందరపడకండి. కథ అచ్చులో ఎప్పుడు కనిపిస్తోందో చూడండి. బేరింగ్-గూల్డ్ అనే రచయిత దాన్ని 1899లో ప్రచురించాడు. గిన్నె దొరికింది 1837లో. అంటే కథ మన చేతికి అందేది తవ్వకం జరిగిన అరవై ఏళ్ళ తరువాత. గిన్నె వార్త విన్నాక కథ పుట్టి ఉండవచ్చు, లేదా పాత కథకే గిన్నె అతుక్కుని ఉండవచ్చు.

రెండో అవకాశానికి బలమైన ఆధారం ఉంది. పన్నెండో శతాబ్దం చివర న్యూబర్గ్‌కు చెందిన విలియం అనే చరిత్రకారుడు యార్క్‌షైర్ కథ ఒకటి రాశాడు. రాత్రివేళ ఒక మనిషి దిబ్బ పక్కగా పోతుంటే లోపల విందు జరుగుతోంది. ఎవరో గిన్నె అందించారు. అతడు పానీయం పారబోసి గిన్నెతో పారిపోయాడు. ఆ దిబ్బ 'విల్లీ హౌ' అని పండితులు గుర్తించారు. పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని రెండుసార్లు తవ్వారు. గిన్నె మాట అటుంచి, సమాధి ఆనవాలు కూడా దొరకలేదు.

కాబట్టి ఒకే రకం కథ బంగారం ఉన్న దిబ్బ మీదా ఉంది, ఏమీ లేని దిబ్బ మీదా ఉంది. అలాంటప్పుడు కథను లోపలి వస్తువుకు సాక్ష్యంగా తీసుకోలేం. జానపద కథను ఆధారంగా వాడేముందు అది తొలిసారి ఎప్పుడు నమోదైందో, అదే కథ ఇంకెక్కడ ఉందో తప్పక చూడాలి. బ్రిటన్ దిబ్బల గాథలను ఊరూరా సేకరించి 1976లో పుస్తకంగా తెచ్చిన లెస్లీ గ్రిన్సెల్ కృషి విలువ ఇక్కడే తెలుస్తుంది. అన్నింటినీ ఒక్కచోట చేర్చితే గానీ పోలిక సాధ్యం కాదు.

పేరు నిలిచి, సమాధి పోయిన చోటు

డార్ట్‌మూర్‌లో ఒక పెద్ద ఊబి అంచున 'చైల్డ్ సమాధి' ఉంది. చైల్డ్ అనే వేటగాడు మంచు తుఫానులో చిక్కుకుని, తన గుర్రాన్ని చంపి దాని కడుపులో దూరినా చలికి బతకలేదని, తనను పూడ్చినవారికి తన భూములు చెందాలని రక్తంతో వీలునామా రాశాడని గాథ. పదిహేడో శతాబ్దం నాటికే ఇది రాతకెక్కింది. ఆ సమాధి కూడా నిజానికి కాంస్య యుగపు రాతిపెట్టె. 1812లో దగ్గర్లో ఇల్లు కట్టుకున్న ఒకరు ఆ రాళ్ళను పీకి వాడుకున్నారు. పందొమ్మిదో శతాబ్దం చివర కొందరు దాన్ని తిరిగి నిలబెట్టారు. ఇవాళ మనం చూసేది ఆ పునర్నిర్మాణమే. పేరు లేకపోతే అక్కడ ఏదో ఉండేదని కూడా ఎవరూ వెతికేవారు కాదు.

దీనికి ఎదురుగా అదే డార్ట్‌మూర్‌లోని వైట్‌హార్స్ కొండను చూడండి. అక్కడి పీట్ కోసుకుపోయి ఒక రాతిపెట్టె బయటపడింది. 2011లో దాన్ని తవ్వారు. జంతు చర్మంలో చుట్టిన కాల్చిన ఎముకలు, అల్లిన బుట్ట, దాదాపు 200 పూసలు, చెక్క చెవిపోగులు దొరికాయి. పూసల్లో తగరంతో చేసినవి, దూరదేశపు అంబరుతో చేసినవి ఉన్నాయి. చనిపోయింది పదిహేను, పాతికేళ్ళ మధ్య వయసున్న వ్యక్తి. ఆ సమాధిని కాపాడింది ఏ గాథా కాదు, తడి పీట్ మాత్రమే. ఒక యువప్రాణాన్ని అంత శ్రద్ధగా సాగనంపిన సంగతి ఏ పేరూ మనకు చెప్పలేదు. భూమే చెప్పింది.

పండితుల గాథలు, మన నేల

గాథలు అల్లేది పల్లె ప్రజలేనని అనుకోకండి. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల పండితులు బ్రిటన్‌లో కనిపించిన ప్రతి పాతరాయినీ 'డ్రూయిడ్' పూజారులదన్నారు. డ్రూయిడ్లు గ్రంథాల్లో కనిపించడానికి వెయ్యేళ్ళకు పైగా ముందే ఈ దిబ్బలు వెలిశాయి. చదువుకున్నవారు పెట్టినా అదీ జానపద నామం వంటిదే.

ఈ ఆలోచన మన ప్రాంతానికీ వచ్చింది. నిజాం రాజ్యంలోని సురపురంలో పనిచేసిన మెడోస్ టేలర్ అక్కడి రాతి సమాధులను తవ్వించి 1850లలో, 1862లో వ్యాసాలు ప్రచురించాడు. పరిశీలన శ్రద్ధగా చేశాడు. కానీ బ్రిటన్ సమాధులతో పోలిక చూసి వీటిని కెల్టిక్, డ్రూయిడ్, సిథియన్ కట్టడాలని పిలిచాడు. మన దక్కను సమాధులు ఎక్కువగా ఇనుప యుగానివి, క్రీ.పూ. 1000 ప్రాంతం నుంచి కట్టినవి. బ్రిటన్ కాంస్య యుగపు దిబ్బలతో వాటికి వంశసంబంధం లేదు. రూపం కలిసినంత మాత్రాన కట్టినవారు ఒకరే కారు.

పేర్ల విషయంలో మాత్రం పోలిక పనికివస్తుంది. కన్నడ ప్రాంతంలో ఇవి 'మోరేర' ఇళ్ళు. మోరేరులు మూడడుగుల మరుగుజ్జులని ప్రజలు టేలర్‌కు చెప్పారు. తెలుగు నేల మీద ఇవే రాకాసి గుళ్ళు, పాండవ గుళ్ళు. చిన్న గదిని చూసినవారు మరుగుజ్జులను, పెద్ద బండను చూసినవారు రాక్షసులను ఊహించారు. హాబ్ పుట్టిన పద్ధతి కూడా ఇదే.

ఇలాంటి పేరు సమాధిని కాపాడనూవచ్చు, ముంచనూవచ్చు. రాకాసి ఉందంటే జనం దూరంగా ఉంటారు. నిధి ఉందంటే రాత్రిపూట గడ్డపారలు దిగుతాయి. గుప్తనిధుల వేట వల్ల, రాతి క్వారీల వల్ల, పొలాల చదును వల్ల మన రాకాసి గుళ్ళు ఎన్నో పోతున్నాయి. 1904లో, 1958లో వచ్చిన కట్టడాల రక్షణ చట్టాలు ప్రకటిత స్థలాలకే వర్తిస్తాయి. ఊరి బయట ఎవరూ నమోదు చేయని సమాధికి రక్షణ ఉండదు.

మీరు చేయగల పని ఒకటుంది. మీ ఊళ్ళో పెద్దవారిని అడగండి. దిబ్బ పేరును వారు పలికినట్టే రాసుకోండి. కథ చెప్పినవారి వయసు, తేదీ, చోటు పక్కన రాయండి. మీ ఊహను ఆ కాగితం మీద కలపకండి. రాళ్ళను కదిలించకండి, తవ్వకండి. బండలు పోయినా మీరు రాసిన కాగితం ఒకనాడు పరిశోధకుణ్ణి ఆ చోటికి తీసుకువెళ్ళవచ్చు.

సారాంశం

సమాధి దిబ్బకున్న జానపద నామం లోపల ఎవరున్నారో చెప్పదు. దాన్ని కట్టినవారిని మరచిపోయిన తరువాత వచ్చినవారి భాషను, భయాన్ని, అభిమానాన్ని, సరిహద్దులను చెబుతుంది. ఏ పేరుకైనా, ఏ కథకైనా దాని సొంత కాలం ఉంటుంది. ఆ కాలాన్ని నిర్ణయించిన తరువాతే దాన్ని ఆధారంగా వాడాలి. తవ్వకం, పేరు రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానమిస్తాయి. ఒకదాన్ని రెండోదానికి బదులుగా వాడితే పొరపాటు జరుగుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పల్లపు నేలల కంటే మూర్ భూముల మీద సమాధి దిబ్బలు ఎక్కువగా మిగలడానికి కారణాలేమిటి?
2. లిల్లా హౌ అనే పేరు ఏ విషయానికి ఆధారం? ఏ విషయానికి ఆధారం కాదు?
3. రిల్లాటన్, విల్లీ హౌ కథలను పోల్చి, జానపద గాథను ఆధారంగా తీసుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.
4. మీ ప్రాంతంలోని ఒక దిబ్బ, గుట్ట లేదా రాకాసి గుడి పేరును, దాని కథను సేకరించి ఒక పేజీకి మించకుండా రాయండి.